దోమియే వ్యంగ్యచిత్రాన్ని చదివే పద్ధతి: తేదీ ముందు, క్యాప్షన్ ఆఖర

పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి వ్యంగ్యచిత్రాల గురించి ఎప్పుడు రాసినా పాఠకులు అడిగేది ఒకటే: "బొమ్మ బాగుంది, కానీ ఎవరిని వెక్కిరిస్తున్నాడో ఎలా తెలుస్తుంది? ఫ్రెంచి రాకపోతే అర్థం చేసుకోగలమా?"

చేసుకోవచ్చు. ఫ్రెంచి కంటే క్రమం ముఖ్యం. చాలామంది ముందు క్యాప్షన్‌ని ఫోన్లో అనువదించుకుని, ఆ తర్వాత బొమ్మ వైపు చూస్తారు. అక్కడే దారి తప్పుతుంది. బొమ్మ, అంచుల్లోని అక్షరాలు, తేదీ, ఆ తేదీన అమల్లో ఉన్న చట్టం, మొహాలు, చివరికి క్యాప్షన్. ఈ వరస తప్పకండి.

ఉదాహరణలు ఎక్కువగా ఒనోరే దోమియేవే (1808–1879). దాదాపు నాలుగు వేల లితోగ్రాఫులు (రాతిపలక మీద గీసి కాగితం మీద అచ్చువేసే బొమ్మలు) గీసిన మనిషి కాబట్టి మీకు ఎదురయ్యే బొమ్మ ఆయనదే అయ్యే అవకాశం ఎక్కువ. అదే శతాబ్దపు ఇతర వ్యంగ్యచిత్రకారులు గ్రాన్‌విల్, గవార్నీ, త్రావియెస్, ఆంద్రే జిల్ బొమ్మలకూ ఇదే పద్ధతి పనికొస్తుంది.

## 1. మొదలుపెట్టే ముందు దగ్గర ఉంచుకోవాల్సినవి

- పెద్ద సైజు స్కాన్. ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి "గాలికా" సైట్లో "ల షారివారీ" పత్రిక సంచికలు ఉచితంగా చూడొచ్చు. పారిస్ నగర మ్యూజియాల సైట్, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం సైట్ కూడా మంచివే.
- దోమియే రిజిస్టర్ అనే ఆన్‌లైన్ జాబితా. ఆయన ప్రింట్లన్నీ నంబర్ల వారీగా ఉంటాయి.
- లోయిస్ దెల్తేయ్ నంబరు. 1920లలో ఈయన వేసిన జాబితా నంబర్లనే మ్యూజియాలు ఇప్పటికీ వాడతాయి. ప్రింటు వివరాల్లో "ఎల్‌డీ" లేదా "దెల్తేయ్" పక్కన అంకె కనిపిస్తే అది ఇదే.
- ఒక నోటు పుస్తకం. ఒక్కో బొమ్మకు ఒక్కో పేజీ.
- చేతిలో అసలు కాగితమే ఉంటే, పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం.

సోషల్ మీడియాలో తిరిగే చిన్న ఫైళ్లతో పని మొదలుపెట్టొద్దు. వాటిలో అంచులు కత్తిరించేస్తారు. మనకు కావలసిన ఆధారాలు సగం ఆ అంచుల్లోనే ఉంటాయి.

## 2. క్యాప్షన్ మూసేసి బొమ్మ చూడండి

స్క్రీన్ కింది భాగాన్ని కాగితంతో కప్పండి. కాసేపు బొమ్మనే చూసి, ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసుకోండి.

- ఎవరు పెద్దగా ఉన్నారు, ఎవరు చిన్నగా ఉన్నారు?
- ఏ వస్తువు ఎటు నుంచి ఎటు వెళ్తోంది?
- నలుపు ఎక్కడ చిక్కగా ఉంది? కాగితం తెల్లగా ఎక్కడ వదిలేశాడు?
- ఎవరు ఎవరి వైపు చూస్తున్నారు?

"గార్గాంత్యువా" మీద ప్రయత్నిద్దాం. 1831 డిసెంబరు నాటిది. మధ్యలో కుర్చీలో కొండంత మనిషి. తల పైన సన్నగా, కింద లావుగా ఉంటుంది. అతని నోటి నుంచి నేల దాకా ఒక పొడవాటి పలక వాలి ఉంది. దాని మీదుగా చీమల్లాంటి కూలీలు బుట్టలు మోస్తూ ఎక్కుతున్నారు. కింద ఒక పక్క బక్కచిక్కిన జనం, వాళ్లలో చంటిబిడ్డ తల్లి, బుట్టల్లో నాణేలు వేస్తున్నారు. ఇంకో పక్క ఆ కుర్చీ కింద నుంచి కాగితాలు రాలుతుంటే మంచి దుస్తుల పెద్దమనుషులు పోటీపడి ఏరుకుంటున్నారు.

ఫ్రెంచి ముక్క రాకుండానే కథ తెలిసిపోయింది: పేదల డబ్బు పైకి, పదవులు, బిరుదులు కిందికి. ఆ కుర్చీ సింహాసనం మాత్రమే కాదనీ, ఆ కాగితాలు ఎక్కడి నుంచి రాలుతున్నాయనీ గమనించారా? అప్పటి పోలీసులు గమనించారు. ఆ కొండంత మనిషి రాజు లూయీ ఫిలిప్పే కాబట్టి దోమియేకు ఆరు నెలల జైలు, 500 ఫ్రాంకుల జరిమానా పడ్డాయి.

క్యాప్షన్ ముందే చదివితే "రాబ్లే కథల్లోని తిండిపోతు రాక్షసుడు" అనే ఒక్క ముక్క దగ్గర ఆగిపోయేవాళ్లం.

## 3. అంచుల్లోని అక్షరాలు రాసుకోండి

బొమ్మ చుట్టూ ఉండే చిన్న అక్షరాలు ఎక్కువ భాగం ఒక పద్ధతిలోనే ఉంటాయి.

పైన మధ్యలో: శీర్షిక పేరు. "లె జాఁ ద జుస్తీస్" అంటే న్యాయస్థానపు మనుషులు, "ఇస్త్వార్ ఆన్సియెన్" అంటే పురాతన చరిత్ర. షారివారీ బొమ్మలు చాలావరకు శీర్షికల కింద వరసగా వచ్చేవి.

పైన కుడి మూల: ఆ శీర్షికలో ఇది ఎన్నో బొమ్మ అన్న అంకె. అదే పత్రిక సంచిక నంబరనుకోవద్దు.

బొమ్మ లోపల ఒక మూల: సంతకం. దోమియేది ఎక్కువగా "హెచ్.డి." అన్న రెండక్షరాలు. పక్కన చిన్న అంకె ఉంటే అది రాతిపలక నంబరు కావచ్చు.

కింద రెండు చివర్లు: ప్రచురించినవాళ్లు, ముద్రించినవాళ్లు. "షే" తర్వాత వచ్చేది దుకాణం పేరు, "ఇంప్" తర్వాత వచ్చేది ముద్రాపకుడి పేరు.

దుకాణం చిరునామా మంచి ఆధారం. పత్రికల యజమాని షార్ల్ ఫిలిపోన్, ఆయన బావగారి కుటుంబం నడిపిన ఒబేర్ దుకాణం 1830లలో వేరో-దొదా అనే కప్పున్న వీధిలో ఉండేది. తర్వాత ప్లాస్ ద లా బూర్స్‌కు మారింది. ప్రింటు మీద వేరో-దొదా ఉంటే తొలి కాలం, బూర్స్ ఉంటే 1840ల వైపు అని పెన్సిల్‌తో రాసుకోండి. పెన్సిల్‌తోనే, ఎందుకంటే ఇది అంచనా.

## 4. తేదీ తేల్చండి

ఇక్కడ తొందరపడొద్దు. ఒక బొమ్మకు మూడు తేదీలు ఉండొచ్చు: సంఘటన జరిగిన రోజు, ప్రభుత్వానికి ప్రతి అప్పగించిన రోజు, జనం చేతికి వచ్చిన రోజు. అప్పట్లో ఏ ప్రింటైనా విడుదలకు ముందు ఒక ప్రతిని అధికారులకు అప్పగించాలి. అందుకే మ్యూజియం వివరాల్లో రెండు తేదీలు కనిపిస్తుంటాయి.

తేదీ కోసం ఈ వరసలో వెతకండి.

1. దోమియే రిజిస్టర్‌లో శీర్షిక, బొమ్మ అంకె వేసి చూడండి.
2. దొరికిన తేదీతో గాలికాలో ఆ రోజు సంచిక తెరవండి. షారివారీ నాలుగు పేజీల దినపత్రిక. బొమ్మ సాధారణంగా మూడో పేజీలో ఉంటుంది.
3. అక్కడ అదే బొమ్మ ఉంటే తేదీ ఖాయం. ముందు రోజుల సంచికలు కూడా తిరగేయండి. అసలు గొడవ తరచూ అక్కడే మొదలవుతుంది.

రెండు పత్రికల ఆయుష్షు గుర్తుంచుకుంటే పని తేలిక. వారపత్రిక "లా కారికాత్యూర్" 1830 నవంబరులో మొదలై 1835 ఆగస్టులో ఆగిపోయింది. షారివారీ 1832 డిసెంబరు 1న మొదలైంది. ఇంకొకటి: 1860లో షారివారీ దోమియేను వదిలించుకుంది, 1863 చివర్లో మళ్లీ పిలిచింది. ఆ మధ్య కాలపు షారివారీ బొమ్మ అని ఎవరైనా చూపిస్తే రెండోసారి సరిచూసుకోండి.

## 5. ఆ తేదీన ఏ చట్టం ఉందో చూడండి

ఈ మెట్టు ఎక్కువమంది వదిలేస్తారు. నా లెక్కలో మొత్తం పద్ధతికి ఇదే గుండె. గీసేవాడికి ఏది గీసే వీలుందో తెలియకుండా, అతను ఏం గీయలేదో మనకు అర్థం కాదు.

1830 జులై – 1835 సెప్టెంబరు. జులై విప్లవం తర్వాత వచ్చిన రాజ్యాంగపత్రం సెన్సార్‌ను ఇక ఎన్నటికీ తిరిగి తీసుకురాబోమని మాటిచ్చింది. కాబట్టి బొమ్మను ముందే ఆపలేరు. అచ్చయ్యాక కేసు పెట్టి జైల్లో వేయగలరు, పెట్టారు కూడా. రాజునూ మంత్రులనూ నేరుగా గీసిన బొమ్మలు ఈ అయిదేళ్లవే.

బేరిపండు కథ ఇప్పటిదే. 1831 నవంబరులో కోర్టు బోనులో నిలబడి ఫిలిపోన్ నాలుగు స్కెచ్‌లు గీసి చూపించాడు. లూయీ ఫిలిప్ రాజు మొహం మెట్టు మెట్టుగా బేరిపండు అయిపోతుంది. పోలికే నేరమైతే పండునూ శిక్షించండి అన్నది వాదన. శిక్ష తప్పలేదు, కానీ పండు ఊరంతా పాకింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ప్రభుత్వం కేసులు పెట్టేకొద్దీ బేరిపండు అంటే రాజేనని అందరికీ రూఢి అయింది. 1834 ఫిబ్రవరిలో షారివారీ తన మీద వచ్చిన కోర్టు తీర్పునే, అక్షరాలను బేరిపండు ఆకారంలో పేర్చి అచ్చువేసింది.

1835 సెప్టెంబరు – 1848 ఫిబ్రవరి. 1835 జులై 28న ఫియెస్కీ రాజు మీద హత్యాయత్నం చేశాడు. ఆ సాకుతో సెప్టెంబరు చట్టాలు వచ్చాయి. రాతకు కాదు గానీ బొమ్మకు ముందస్తు అనుమతి తప్పనిసరి అయింది. సెన్సార్ రాదన్న మాట ఏమైందంటే, మాట్లాడితే అభిప్రాయం, బొమ్మ చూపిస్తే అది చర్య, చర్యకు ఆ హామీ వర్తించదు అన్నారు.

అప్పుడు దోమియే రాజును వదిలి సమాజం మీద పడ్డాడు. 1836 ఆగస్టు నుంచి రొబేర్ మకేర్ శీర్షిక మొదలైంది. మకేర్ అప్పటికే నాటకరంగం మీద పేరుపడ్డ మోసగాడు. బొమ్మల్లో అతను ఒకసారి బ్యాంకరు, ఒకసారి వకీలు, ఒకసారి డాక్టరు. మొదటి బొమ్మలోనే బ్యాంకు పెడదామంటాడు. పోలీసులు వస్తే ఎలాగని అనుచరుడు బెర్త్రాఁ భయపడితే, కోటీశ్వరుణ్ని ఎవరు పట్టుకుంటారని తీసిపారేస్తాడు. రాజకీయం పోలేదు, వేషం మార్చుకుంది. ఈ కాలపు బొమ్మలో "ఇందులో రాజకీయం లేదు" అని రాసేముందు ఒక్కసారి ఆగండి.

1848 ఫిబ్రవరి – 1851 డిసెంబరు. రాజు పోయాడు, గణతంత్రం వచ్చింది, మళ్లీ మొహాలు బయటికొచ్చాయి. రాతాప్వాల్ అనే పాత్ర ఈ కాలానిది: నలిగిన టోపీ, మెలేసిన మీసం, చేతిలో దుడ్డుకర్ర. లూయీ నెపోలియన్ (తర్వాత మూడో నెపోలియన్ చక్రవర్తి) కోసం జనాన్ని కూడగట్టే గూండా.

1852 – 1870. రెండో సామ్రాజ్యం. మళ్లీ అనుమతులు. పైగా ఒకరి మొహం గీయాలంటే ఆ మనిషి రాతపూర్వక సమ్మతి కావాలి. ఆంద్రే జిల్ గీసిన "లా ల్యూన్" పత్రిక ముఖచిత్రాల మీద చేతిరాతలో ఒక చీటీ అచ్చై కనిపిస్తే అది అభిమాని రాసిన ప్రశంస కాదు, అనుమతి పత్రం. 1868లో ఇదే జిల్ "లెక్లిప్స్" పత్రికలో ఒక ఖర్బూజా పండుకు మొహం పెట్టి గీస్తే దాని మీదా కేసు పెట్టారు. బేరిపండు నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేదన్నమాట.

దేశంలో నోరు మూస్తే దోమియే విదేశాల వైపు తిరిగాడు. 1866–67 నాటి బొమ్మల్లో బయొనెట్ల మొనల మీద నిలబెట్టిన భూగోళం ఇలా వచ్చిందే.

1881 జులై 29 నాటి పత్రికా చట్టంతో ముందస్తు సెన్సార్ పోయింది.

మీ నోటు పుస్తకంలో బొమ్మ తేదీ ఎదురుగా ఒక్క వాక్యం రాయండి: "ఈ రోజున రాజును గీయవచ్చు" లేదా "గీయకూడదు".

## 6. మొహాలు, గుర్తులు పట్టండి

తేదీ తెలిశాక అనుమానితుల జాబితా చిన్నదవుతుంది.

- బేరిపండు తల, బుగ్గల మీసాలు, నుదుటిపై జుట్టు కుచ్చు, గొడుగు: లూయీ ఫిలిప్
- పొట్టి మనిషి, గుండ్రటి కళ్లద్దాలు, నిక్కిన జుట్టు: రాజకీయ నాయకుడు తియేర్
- పొడవాటి ముక్కు, కత్తెర: సెన్సార్ పని చూసిన మంత్రి దార్గూ
- మైనం రాసి మొన తేల్చిన మీసం, కొసగడ్డం: మూడో నెపోలియన్
- మెత్తటి కొసటోపీ పెట్టుకున్న స్త్రీ: స్వేచ్ఛ లేదా గణతంత్రం
- పైన ఇనుప మొన ఉన్న శిరస్త్రాణం: ప్రష్యా

ఒక్క గుర్తుతో తీర్పు ఇవ్వొద్దు. కనీసం రెండు కలవాలి. గొడుగు పట్టుకున్న ప్రతివాడూ రాజు కాదు, మామూలు పారిస్ గృహస్థు చేతిలోనూ గొడుగు ఉంటుంది. 1832 ప్రాంతపు పార్లమెంటు సభ్యుల్లో ఒకరనిపిస్తే పారిస్ ఓర్సే మ్యూజియంలో దోమియే మట్టితో చేసిన 36 తలల ఫొటోలతో పోల్చండి. ఆయన వాటిని దగ్గర పెట్టుకునే రాతి మీద గీసేవాడు.

## 7. ఇప్పుడు క్యాప్షన్ తెరవండి

క్యాప్షన్ చదివేటప్పుడు మొదట గుర్తుంచుకోవాల్సింది, దాన్ని రాసింది చాలాసార్లు దోమియే కాదు. మకేర్ సంభాషణలు ఫిలిపోన్‌వి. తర్వాతి కాలంలోనూ పత్రికలోని రచయితలు రాసేవాళ్లు. అందుకే బొమ్మ ఒక మాట చెప్తుంటే కింది రాత ఇంకోటి చెప్పడం కద్దు. అప్పుడు నేను బొమ్మనే నమ్ముతాను.

ఫ్రెంచి రానివాళ్లకు:

1. స్కాన్ నుంచి యంత్రం లాగిన అక్షరాలను నమ్మకండి. చూస్తూ మీరే టైపు చేయండి.
2. "ఎం" తర్వాత చుక్క ఉంటే మర్యాదవాచకం, "ఆర్" తర్వాత చుక్క ఉంటే వీధి. ఇవి విడదీసి టైపు చేయండి.
3. వరస మొదట్లో చిన్న గీత ఉంటే మాట్లాడే మనిషి మారాడని అర్థం.
4. అనువాదం వచ్చాక, ఆ మాట ఏ నోటి నుంచి వస్తోందో బొమ్మలో చూపించగలగాలి. చూపించలేకపోతే అనువాదం తప్పు.

## 8. చేతిలో ఉన్నది ఏ రకం ప్రతి?

పారిస్‌లో సేన్ నది గట్టు మీద పాత పుస్తకాల పెట్టెల్లో ఇలాంటివి అమ్ముతారు. కొనే ముందు ఇవి చూడండి.

- వెనక్కి తిప్పండి. అచ్చు అక్షరాలుంటే అది పత్రిక పేజీ. ఖాళీగా ఉంటే తెల్ల కాగితం మీద విడిగా తీసిన ప్రతి కావచ్చు, దాని ధర ఎక్కువ. కానీ వెనక ఖాళీగా ఉండటం ఒక్కటే రుజువు కాదు.
- భూతద్దంతో నీడలు చూడండి. అసలు లితోగ్రాఫ్‌లో గ్రీజు క్రేయాన్ గరుకు, క్రమం లేని మచ్చలు కనిపిస్తాయి. సమాన దూరంలో వరసగా చుక్కలుంటే అది తర్వాతి కాలపు ఫొటో నకలు.
- రంగులుంటే, అవి చేత్తో వేసినవి. అప్పుడే వేసి అమ్మినవీ ఉన్నాయి, ఈ మధ్య వేసినవీ ఉన్నాయి. పత్రిక పేజీ మీద రంగుంటే ఎక్కువ అనుమానించండి.
- 1870 ప్రాంతం నుంచి షారివారీలో రాయి బదులు జింకు అచ్చు పద్ధతి వచ్చింది. గీత బిరుసుగా ఉంటుంది. అది నకిలీ అనుకుని పారేయొద్దు.

కొన్నాక ఆమ్లం లేని కాగితం మధ్య పెట్టండి. లామినేషన్ వద్దే వద్దు. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో గోడకు ఆనించి వేలాడదీస్తే మచ్చలు లేస్తాయి, వెండిపురుగులు తింటాయి.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

"కత్తి ఎడమచేత్తో పట్టుకున్నాడు, ఏదో అర్థం ఉంది." రాతి మీద గీసింది కాగితం మీద అద్దంలోలా తిరగబడుతుంది. ఎడమ-కుడిల మీద సిద్ధాంతాలు కట్టకండి.

"దోమియే పేదల పక్షం, కాబట్టి ప్రతి బొమ్మా అభ్యుదయమే." 1844 నాటి "లె బా-బ్లో" శీర్షిక తెరవండి. రాసుకునే ఆడవాళ్లను ఇల్లు పట్టనివాళ్లుగా వెక్కిరిస్తాడు. కళ గొప్పది, ఉద్దేశం ఆ కాలపు మగవాళ్లది. రెండూ రాయండి.

"బొమ్మ పేరులో ఉన్న తేదీయే ప్రచురణ తేదీ." కింది నమూనా చూడండి.

"మొహం వికారంగా లేదు, కాబట్టి ఇది వ్యంగ్యచిత్రాల లెక్కలోకి రాదు." దీనికీ అదే నమూనా.

## 10. నమూనా పేజీ

ఒక్కో బొమ్మకు చివర్లో ఇలా నింపుకోండి.

- పేరు: ర్యూ త్రాన్స్‌నోనెన్, 1834 ఏప్రిల్ 15
- క్యాప్షన్ మూసి చూసినది: చెదిరిన గది. మంచానికి ఆనుకుని రాత్రి దుస్తుల్లో ఒక మగమనిషి శవం. అతని కింద నలిగిన చంటిబిడ్డ. చీకట్లో ఒక స్త్రీ, అంచున ఒక ముసలాయన తల. పడిపోయిన కుర్చీ. వెలుగంతా ఆ మనిషి చొక్కా మీదే. చంపినవాళ్లు బొమ్మలో లేరు.
- సంఘటన: 1834 ఏప్రిల్ మధ్యలో పారిస్ తిరుగుబాటు అణచేటప్పుడు సైనికులు ఆ వీధిలోని ఒక ఇంట్లో చొరబడి నివాసులను చంపారు.
- ప్రచురణ: "లాసోసియాసియోఁ మాన్సుయెల్" నెలవారీ శీర్షిక, 1834 జులై సంచిక కింద. పత్రికల జరిమానాలు కట్టడానికి ఫిలిపోన్ చందాలతో నడిపిన శీర్షిక ఇది. ప్రింటు పెద్దది, మధ్యలో మడత గుర్తు ఉంటే కంగారుపడక్కర్లేదు.
- ఆ రోజు చట్టం: ముందస్తు అనుమతి అక్కర్లేదు. అందుకే బయటికి రాగలిగింది. వచ్చాక పోలీసులు దొరికిన ప్రతులనూ రాతినీ పట్టుకుపోయారు.
- మొహాలు: పేరున్నవాళ్లెవరూ లేరు. వెక్కిరింత గుర్తు ఒక్కటీ లేదు.
- క్యాప్షన్: వీధి పేరు, తేదీ, అంతే. అప్పటి పారిస్ పాఠకుడికి అది చాలు. మనకు చాలదు కాబట్టే "సంఘటన" గడి నింపాల్సి వచ్చింది.
- ఇంకా తేల్చాల్సినవి: నేను చూస్తున్న స్కాన్ ఏ మ్యూజియం ప్రతి? అంచులు పూర్తిగా ఉన్నాయా?